ఇముగికి ఏం కావాలి

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన సమీక్ష అందింది. 2007లో వచ్చిన కొరియా సినిమా ‘డి-వార్’ను ఇన్నేళ్ల తరువాత చూసి, రాత్రికి రాత్రి అంత కోపం తెచ్చుకుని, తెల్లారేసరికి దాన్ని కాగితం మీద పెట్టావంటే నీకు రాత మీద మమకారం ఉన్నట్టే. సంతోషం. ఏ పత్రికకు పంపమంటారని అడిగావు. ఇప్పుడే ఎక్కడికీ పంపవద్దు. ఎందుకో చెబుతాను, తీరిగ్గా చదువు.

మొదటి పేరాలోనే చెత్త, దండగ, నాసిరకం, తలనొప్పి అన్నీ వచ్చేశాయి. సినిమాలోని దృశ్యం మాత్రం ఒక్కటీ రాలేదు. ఆ పేరా చదివినవాడికి నీకు ఎంత ఒళ్లు మండిందో తెలుస్తుంది, తెర మీద ఏం జరిగిందో తెలియదు. ‘డి-వార్’ అన్న పేరు తీసేసి అక్కడ మరో సినిమా పేరు పెట్టినా ఇంకో అక్షరం మార్చనక్కర్లేదు. తిట్టడం తప్పని నేను అనను. ఈ సినిమాను తిట్టావా, లేక తిట్టే సరదా తీర్చుకున్నావా అన్నదే నా అనుమానం.

చెడ్డ సినిమాలు ఏటా వస్తాయి, పోతాయి. వాటిలో చాలావాటి గురించి రాయడానికి ఏమీ ఉండదు. నువ్వు మాత్రం నిరాశపడ్డానని రాశావు, అదీ ఆఖరి వాక్యంలో, ఏదో పొరపాటున దొర్లినట్టు. నీ సమీక్ష మొదలు కావలసింది అక్కడే. నిరాశపడ్డావంటే ఆ సినిమా ముందు నీకు ఏదో ఆశ చూపించి ఉండాలి. ఆ ఆశ ఏమిటో చెప్పకుండా నిరాశ గురించి రాయడమంటే, అప్పు ఎంతో చెప్పకుండా అప్పు ఎగ్గొట్టాడని ఊరంతా చాటినట్టు ఉంటుంది.

ఆ ఆశ ఇముగి.

నీ సమీక్షలో దీన్ని ‘ఏదో కొరియా పాము కథ’ అని తేల్చేశావు. అక్కడే నీ చేతిలోని అసలు సరుకు జారిపోయింది. కొరియా జానపద కథల్లో ఇముగి అంటే ఇంకా డ్రాగన్ కాని మహాసర్పం. లోతైన మడుగుల్లోనో, చీకటి గుహల్లోనో వెయ్యేళ్లు ఓపిక పట్టి ఉంటుంది. యోయిజు అనే మణి దక్కితే డ్రాగన్‌గా మారి ఆకాశానికి లేస్తుంది. కొరియాలో కొండవాగుల దగ్గర యోంగ్సో అని పేరున్న మడుగులు ఎన్నో ఉన్నాయి. ఇక్కడి నుంచి డ్రాగన్ పైకి వెళ్లిందని కొన్నిచోట్ల చెబుతారు, వెళ్లలేక పడిపోయిందని మరికొన్నిచోట్ల చెబుతారు. పడిపోయిన కథలే నాకు ఎక్కువ ఇష్టం. వాటిలో ఒక రకం ఇలా నడుస్తుంది. వెయ్యేళ్లూ నిండి ఇముగి నీళ్లలోంచి పైకి లేస్తూ ఉంటుంది. సరిగ్గా ఆ వేళకు ఎవరో మనిషి అటుగా వస్తాడు. తలెత్తి చూసి ‘అదిగో డ్రాగన్’ అన్నాడంటే అది డ్రాగన్ అయిపోతుంది. ‘అమ్మో పాము’ అన్నాడంటే వెయ్యేళ్ల నిరీక్షణా ఆ ఒక్క కేకతో బూడిదై, మళ్లీ వచ్చి మడుగులోనే పడుతుంది.

మన పురాణాలు వింటూ పెరిగినవాళ్లకు ఈ బాధను విడమరచి చెప్పే పని లేదు. తపస్సు పండే ఘడియలో భంగం కావడం అంటే ఏమిటో మనకు చిన్నప్పుడే తెలుసు. నువ్వే చెప్పు, ఇంతకన్నా మంచి వింతజీవి ఏ కథకుడికైనా దొరుకుతుందా? దానికి కోరిక ఉంది, ఓపిక ఉంది, అవమానం ఉంది, దారిన పోయేవాడి నోటిమాట మీద ఆధారపడిన బతుకు ఉంది. అది భయపెట్టగలదు, జాలి కూడా పుట్టించగలదు. దీన్ని చేతిలో పెట్టుకుని దర్శకుడు షిమ్ హ్యోంగ్-రే ఏం చేశాడో చూడు.

సినిమాలో అయిదు వందల ఏళ్లకోసారి ఒక ఆడపిల్ల యోయిజును తనలో దాచుకుని పుడుతుంది. ఇరవయ్యో ఏడు వచ్చాక ఆ మణిని మంచి ఇముగికి అప్పగించాలి. బురాకి అనే చెడ్డ ఇముగి దాన్ని కాజేయాలని చూస్తుంది. కొరియాను పూర్వం ఏలిన జొసోన్ రాజ్యకాలంలో నారిన్ అనే అమ్మాయి, ఆమెను కాపాడవలసిన హారమ్ అనే యువకుడు ప్రేమలో పడతారు. మణిని ఎవరికీ ఇవ్వకుండా ఇద్దరూ కొండ మీది నుంచి దూకేస్తారు. అయిదు వందల ఏళ్ల తరువాత వాళ్లే అమెరికాలోని లాస్ ఏంజలెస్‌లో సారా, ఈథన్‌లుగా పుడతారు. బురాకి కూడా వెతుక్కుంటూ అక్కడికి వస్తుంది.

ఇంతవరకు బాగానే ఉంది. పనికిమాలిన కథ ఏమీ కాదు. ఇద్దరు ప్రేమికులు తమ కర్తవ్యం నుంచి పారిపోయారు, ఆ పారిపోవడం వల్ల ఒక మంచి ప్రాణి మరో అయిదు వందల ఏళ్లు ఆగవలసి వచ్చింది. ఈ రెండో ముక్క ఎంత బరువైనదో చూశావా? మన ప్రేమ వల్ల ఎవరో చీకట్లో అయిదు శతాబ్దాలు అలాగే ఉండిపోయారు. మళ్లీ పుట్టినప్పుడు ఆ ఎదురుచూసిన ప్రాణి ముఖం ఎలా చూస్తాం? ఈ ప్రశ్న ఆ కథలోనే ఉంది. సినిమా దాన్ని అడగదు. ఈథన్ టీవీ విలేకరి. అడగడమే వృత్తి అయిన మనిషి కూడా అడగడు.

ఇప్పుడు నువ్వు తప్పకుండా రాయవలసిన ఒక దృశ్యం చెబుతాను. పాత సామాన్ల దుకాణం దృశ్యం. చిన్నప్పటి ఈథన్ తండ్రితో కలిసి ఆ దుకాణానికి వస్తాడు. ఒక పెట్టె దానంతట అదే తెరుచుకుంటుంది, లోపలి నుంచి వెలుగు కుర్రాడి ముఖం మీద పడుతుంది. దుకాణదారు జాక్ అది గమనిస్తాడు. వెంటనే గుండెనొప్పి వచ్చినట్టు నటించి, తండ్రిని మందుల కోసం బయటికి పంపించి, కుర్రాణ్ణి కూర్చోబెట్టి కథంతా చెప్పేస్తాడు. అంతా అంటే అంతా. ఇముగి ఏమిటో, మణి ఏమిటో, బురాకి ఎవరో, పూర్వజన్మలో నువ్వెవరో, నేనెవరో, ఆ అమ్మాయి పేరేమిటో, ఆమెను ఎక్కడ వెతకాలో. పైగా అప్పటికే పెద్దవాడైన ఈథన్ ఇదంతా గుర్తు చేసుకుంటున్నాడు. అంటే జ్ఞాపకం లోపల దుకాణం, దుకాణం లోపల జొసోన్ కాలం. ప్రేక్షకుడు ఇంకా కుర్చీలో సర్దుకోకముందే కథలో తెలుసుకోవలసిన రహస్యాలన్నీ అయిపోతాయి. ఆ తరువాత మిగిలింది పరుగే.

గుండెనొప్పి నటన దగ్గర నువ్వు నవ్వే ఉంటావు. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వును సమీక్షలో ఎలా వాడాలో ఆలోచించు. ‘ఇలాంటి వెర్రి దృశ్యాలు కూడా ఉన్నాయి’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఆ తండ్రిని దర్శకుడు ఎందుకు బయటికి పంపించాడు? గదిలో తండ్రి ఉంటే ఎదురు ప్రశ్న వేస్తాడు, నమ్మనంటాడు, పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోతాడు. నమ్మని మనిషి గదిలో ఉంటేనే నమ్మించే పని పడుతుంది. ఆ పని తప్పించుకోవడానికే తండ్రిని మందుల దుకాణానికి పంపించారు. ఒక సినిమా ఎక్కడ బద్ధకించిందో పట్టుకోవడం అంటే ఇదే. ఈ రెండు మూడు వాక్యాలు నీ మొదటి పేరా మొత్తం కన్నా గట్టిగా తగులుతాయి, ఎందుకంటే వాటిని మరే సినిమా మీదికీ బదలాయించలేం.

నీకు ఒక చిట్కా. సినిమాను రెండోసారి చూడు. ఈసారి కలం పట్టుకుని కూర్చుని, మొట్టమొదట గడియారం వైపు ఎప్పుడు చూశావో ఆ చోటు రాసుకో. అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ వెళ్లు. విసుగు పుట్టిన చోట సాధారణంగా తప్పు ఉండదు. దానికి ముందెక్కడో ఉంటుంది. నాకైతే బురాకి సారాను మూడోసారో నాలుగోసారో దాదాపు పట్టుకుని వదిలేసినప్పుడు కళ్లు గడియారం మీదికి పోయాయి. కారణం మాత్రం ఆ దుకాణంలో ఉంది.

మెచ్చుకోవలసినవి కూడా రాయాలి. నువ్వు ఒక్కటీ రాయలేదు. నిజం చెప్పు, బురాకి లాస్ ఏంజలెస్ నడిబొడ్డున ఆ ఆకాశహర్మ్యాన్ని చుట్టుకుంటూ పైకి పాకుతున్నప్పుడు నువ్వు ముందుకు వంగి చూడలేదా? పాము శరీరం బిగిసిన కొద్దీ భవనం అద్దాలు పగులుతూ ఉంటాయి. సర్పం అంటే చుట్టుకునేది, నలిపేది అన్న సంగతి ఆ కొద్ది నిమిషాలు సినిమాకు గుర్తుంది. వీధుల్లో యుద్ధట్యాంకులు, పైన హెలికాప్టర్లతో తలపడే రెక్కల జీవులు, ఆ హడావిడి అంతా కనులపండువుగానే ఉంటుంది. ఈ బొమ్మలన్నీ చాలావరకు దర్శకుడి సొంత సంస్థలో, కొరియా కుర్రాళ్ల చేతుల మీదుగా తయారయ్యాయి. అంతకు ముందు ఏడాది హాన్ నది నేపథ్యంలో బాంగ్ జూన్-హో తీసిన ‘ద హోస్ట్’లోని జీవిని అమెరికాలోని ఒక గ్రాఫిక్స్ సంస్థ తయారు చేసింది. మేమే చేసుకున్నాం అని షిమ్ చెప్పుకోవడం ఊరికే డాబు కాదు. కొరియా జనానికి ఆ సినిమా మీద అంత మమకారం ఎందుకు కలిగిందో ఈ సంగతి తెలియకపోతే అర్థం కాదు.

ఇక ముగింపు. అంత నగరాన్ని నేలమట్టం చేశాక హఠాత్తుగా కథానాయకుడూ నాయికా ఎక్కడో బీడు భూమిలో, ఏదో కోట ముందు కళ్లు తెరుస్తారు. సారాను బలి ఇవ్వబోతారు. ఈథన్ మెడలోని పతకం వెలిగి శత్రుసైన్యాన్ని తుడిచిపెట్టేస్తుంది. దాని శక్తి ఏమిటో, ఎందుకు వెలిగిందో అడిగే తీరిక ఎవరికీ లేదు. సరిగ్గా అప్పుడు మంచి ఇముగి వస్తుంది. అవును, అప్పుడే వస్తుంది. సినిమా అంతా ఎవరి కోసమైతే ఈ తంటా అంటున్నారో, ఆ ప్రాణి మన కంటపడటం అదే మొదలు. రెండు పాములూ పెనుగులాడతాయి, సారా మణిని అర్పిస్తుంది, మంచి ఇముగి డ్రాగన్ అవుతుంది, బురాకి కాలి బూడిదవుతుంది.

ఇది కొరియాలో పెద్ద రచ్చే అయింది. 2007 ఆగస్టులో ఎంబీసీ టీవీలోని ఒక చర్చా కార్యక్రమంలో విమర్శకుడు జిన్ జుంగ్-క్వోన్ ఈ సినిమాను దులిపేశాడు. గ్రీకు నాటకాల్లో చిక్కుముడి విప్పలేని రచయిత ఒక యంత్రం మీద దేవుణ్ణి రంగస్థలానికి దింపి పని కానిచ్చేవాడు. అది తగదని అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. జిన్ ఆ మాటే ఎత్తి, ఈ సినిమా ముగింపు సరిగ్గా అదే పని చేసిందన్నాడు. మరునాటి నుంచి సినిమా అభిమానులు ఆయన మీద విరుచుకుపడ్డారు. దేశం మీద అభిమానం లేదన్నారు, మేధావినన్న పొగరు అన్నారు.

నువ్వు కూడా జిన్‌లాగే ముగింపును పట్టుకున్నావు, కానీ కారణం చెప్పలేదు. నాకు తోచిన కారణం ఇది. ఆఖరి క్షణంలో ఎవరో వచ్చి రక్షించడం ప్రతిసారీ తప్పు కాదు. మొసలి పట్టిన గజేంద్రుణ్ణి కాపాడటానికి విష్ణువు వచ్చిందీ ఆఖరి క్షణంలోనే. కానీ పోతన అంతవరకు ఏం చేశాడు? ఏనుగు బలం సడలడం, ప్రాణాలు ఠావులు తప్పడం, నమ్మకం ఊగిసలాడటం, ఉన్నాడో లేడో అని సందేహించడం, అన్నీ పద్యం తరువాత పద్యంగా చూపించాడు. ఆయన వచ్చేసరికి మనం కూడా పిలిచి పిలిచి అలసిపోయి ఉంటాం. ‘డి-వార్’లో మంచి ఇముగిని ఎవరూ పిలవలేదు. మనమూ పిలవలేదు. శతాబ్దాల పాటు ఎదురుచూసిన ప్రాణి ఎదురుచూడటాన్ని ఆ సినిమా మనకు ఒక్కసారి కూడా చూపించలేదు. అసలు నిరాశ అక్కడ ఉంది. నటన బాగాలేదనీ, సంభాషణలు పేలవమనీ నువ్వు రాసినవి నిజమే. కానీ అవి సరిదిద్దినా ఈ లోటు తీరదు.

సమీక్షకుడు ఇంకొకరి కథను తిరగరాయకూడదని నేనే నలుగురికీ చెబుతుంటాను. అయినా ఒక్కసారికి ఊహించు. సినిమా నడుమ ఎక్కడైనా ఒక్క నిమిషం ఆ మంచి ఇముగిని మడుగులో చూపించి ఉంటే ఎలా ఉండేది? దాన్ని చూసి సారా ‘పాము’ అని భయపడి కేక వేసి ఉంటే? ఆ జానపద కథ దర్శకుడి ముంగిట్లోనే ఉంది. దాన్ని వదిలేసి, ఎక్కడెక్కడివో ఇనుప కవచాల సైన్యాలను, బల్లుల మీద స్వారీ చేసే యోధులను తెచ్చి పోగేశాడు. సొంత ఇంటి సొమ్ము అటక మీద ఉండగా అరువు నగలతో ఊరేగాడు.

‘ద హోస్ట్’ గొప్పది, ‘డి-వార్’ చెత్త అని ఒక్క వాక్యంలో పోల్చి వదిలేశావు. అందరూ ఆ రెండింటినే పోలుస్తారు. పోలిస్తే పోల్చు, కానీ దేన్ని దేనితో పోలుస్తున్నావో చెప్పు. 2000లో సోల్‌లోని అమెరికా సైనిక స్థావరంలో ఫార్మాల్డిహైడ్‌ను మురుగు కాలువలో పోయించిన ఉదంతం నుంచి ఆ సినిమా పుట్టింది. జీవి పట్టపగలే, కథ మొదలైన కాసేపటికే, నది ఒడ్డున జనం మధ్యలోకి ఉరుకుతుంది. దాచిపెట్టి ఊరించడం లేదు. అయినా చివరిదాకా చూస్తాం, ఎందుకంటే ఆ జీవి ఎత్తుకుపోయిన పిల్ల కోసం ఒక కుటుంబం వెతుకుతూ ఉంటుంది. వాళ్లకు కావలసింది మనకు ప్రతి క్షణం తెలుసు. ‘డి-వార్’లో ఈథన్‌కు ఏం కావాలో ఒక్క వాక్యంలో చెప్పమంటే నువ్వు చెప్పగలవా? నేను చెప్పలేను.

నన్నడిగితే అంతకన్నా మంచి పోలిక ఒకటుంది, ఎవరూ తీసుకురారు. 1985లో ఉత్తర కొరియాలో తీసిన ‘పుల్గసారి’. దాని పుట్టుకే ఒక సినిమా కథ. దక్షిణ కొరియాలో పేరుమోసిన దర్శకుడు షిన్ సాంగ్-ఓక్‌ను, ఆయన మాజీ భార్య అయిన నటి చోయ్ ఉన్-హీని 1978లో అప్పటి ఉత్తర కొరియా అధినేత కొడుకు కిమ్ జోంగ్-ఇల్ మనుషులు ఎత్తుకుపోయారు. అక్కడ ఆయన చేత తీయించిన సినిమాల్లో ఇదొకటి. 1986లో వియన్నాలో వాళ్లిద్దరూ తప్పించుకున్నారు. సినిమాలోని జీవి రబ్బరు వేషం. జపాన్ నుంచి వచ్చిన నటుడు దాన్ని తొడుక్కుని నడిచాడు. ఈనాటి పిల్లలకు చూపిస్తే నవ్వుతారు.

కానీ కథ చూడు. చెరసాలలో ఆకలితో చచ్చిపోతున్న ముసలి కమ్మరి తినవలసిన అన్నం మెతుకులతో చిన్న బొమ్మ చేస్తాడు. కూతురు కుట్టుపని చేస్తుండగా సూది గుచ్చుకుని, ఆమె నెత్తుటి చుక్క పడి బొమ్మకు ప్రాణం వస్తుంది. అది మొదట సూదిని తింటుంది. తరువాత దొరికిన ఇనుమల్లా తింటుంది, తిన్న కొద్దీ పెరుగుతుంది. రైతులు తిరగబడితే వాళ్ల పక్షాన నిలిచి రాజు కత్తులనూ ఫిరంగులనూ మింగేస్తుంది. రాజు పోయాడు. మరి దాని ఆకలి? పోలేదు. ఇప్పుడు రైతుల కొడవళ్లు, నాగళ్లు కావాలి. ఆఖరికి ఆ కూతురే గంటలో దాక్కుని తనను తాను దానికి ఆహారంగా ఇచ్చుకుంటుంది. సూది మింగిన చోట మొదలైన ఆకలి ఒక్క దృశ్యంలోనూ కథను వదలదు. రబ్బరు తోలు చూసి నవ్వినవాడు కూడా నాగళ్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుతాడు. కత్తి పట్టిన మిత్రుడికి రేపు మన నాగలి మీద కన్ను పడుతుందన్న సంగతి, ఆ సినిమా తీయించినవాళ్లకు తట్టిందో లేదో నేను చెప్పలేను కానీ, తీసినవాడికి తట్టకుండా ఉంటుందని నేను అనుకోను.

రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూడు. ‘డి-వార్’కు దాదాపు 3,000 కోట్ల వోన్లు ఖర్చయ్యాయని అప్పట్లో చెప్పుకున్నారు, అంత ఖర్చుతో కొరియాలో అప్పటికి సినిమా రాలేదు. అన్ని కోట్లు పోసి తయారు చేసిన బురాకికి మణి ఎందుకు కావాలో నాకు తెలియదు. డ్రాగన్ అయి ఏం చేస్తుంది? ఎవరి మీద పగ? దాని వెయ్యేళ్లు ఎలా గడిచాయి? జంతుప్రదర్శనశాలలో ఏనుగులను మింగిందని కాపలాదారు చెబుతాడు. అది ఏనుగులను ఎందుకు మింగింది, ఆకలేసా? సారా కోసం వచ్చిన దానికి ఏనుగులతో ఏం పని? తోచక తిన్నట్టుంది. వేషం వేసుకున్న మనిషి నడిచిన పుల్గసారికి ఏం కావాలో మాత్రం పసిపిల్లవాడు కూడా చెబుతాడు.

నువ్వు రాస్తున్న నవలలో కూడా చెరువులో ఏదో ఉందని గతసారి రాశావు కదా. అదే ప్రశ్న అక్కడా వేసుకో. దాని పళ్లు, పొలుసులు, ఎర్రటి కళ్లు తరువాత రాయవచ్చు.

ఇప్పుడు కొంచెం కటువైన మాట. మూడో పేజీలో ‘జోకులు వేసుకునేవాడికి సినిమా ఎందుకు’ అని దర్శకుణ్ణి ఎద్దేవా చేశావు. కొట్టెయ్. 1980లలో కొరియా టీవీలో యోంగ్-గు అనే అమాయకుడి వేషంతో షిమ్ ఆ దేశం పిల్లలందరినీ నవ్వించాడు. 1999లో ప్రభుత్వం ‘నవ మేధావి’ అంటూ మొదలుపెట్టిన గుర్తింపులో మొదటి పేరు ఆయనదే. రెండేళ్ల ముందే ఆర్థిక సంక్షోభంతో కుదేలైన దేశం అది. పరిశ్రమ పెద్దలు ఆయనను దగ్గరికి రానివ్వలేదన్న భావన జనంలో ఉంది, ఆ జనమే టికెట్లు కొన్నారు. ఒక నటుడు తన స్థాయి ఏదో ఇతరులు నిర్ణయిస్తే ఒప్పుకోకపోవడం నవ్వవలసిన విషయం కాదు. ఆయన సినిమా బాగాలేదని ఆయన వృత్తిని అడ్డం పెట్టుకోకుండానే నిరూపించవచ్చు. నీకు కావలసిన సాక్ష్యమంతా తెర మీదే ఉంది.

అయితే ఇదే నియమం అటువైపు వాళ్లకూ వర్తిస్తుంది. కొరియాలో విడుదలైన ప్రతిలో సినిమా అయిపోయాక ‘అరిరాంగ్’ అనే కొరియా జానపద పాట వినిపిస్తుంది. దానికి తోడు దర్శకుడు తాను పడిన కష్టాల గురించి, ప్రపంచ మార్కెట్లో గెలిచి తీరుతానన్న పట్టుదల గురించి సొంత మాటలు తెర మీద పెట్టాడు. అరిరాంగ్ వింటే కొరియావాళ్ల గుండె కరుగుతుంది. ఆ కరుగుదల పాట సంపాదించుకున్నది. సినిమా తాను సంపాదించలేనిదాన్ని ఆ పాట ఖాతాలోంచి తీసుకుంది. జిన్ జుంగ్-క్వోన్ దేశాభిమానం, జీవితగాథ అంటూ మండిపడింది సరిగ్గా దీని గురించే. నీ సమీక్షలో ఈ సంగతి అసలు లేదు. ఉండాలి. ఒక పేరా అక్కర్లేదు, నాలుగు వాక్యాలు చాలు.

ఇక ప్రేక్షకులు. ‘ఇలాంటి సినిమాను ఆడించిన జనానికి బుద్ధి లేదు’ అన్నావు. కొరియాలో 80 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. ఆ ఏడాది అక్కడ అన్నిటికన్నా ఎక్కువ ఆడిన సొంత సినిమా అదే. సెప్టెంబరులో అమెరికాలో 2,200కు పైగా థియేటర్లలో విడుదలైతే మొత్తం మీద వచ్చింది కోటీ పది లక్షల డాలర్లకు కొంచెం తక్కువ. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే జనం ఏం చూడటానికి వెళ్లారో తెలుస్తుంది. సోల్‌లో టికెట్టు కొన్నవాడు మనవాళ్లు చేయగలిగారని చూడటానికి వెళ్లాడు. అమెరికాలో కొన్నవాడికి ఆ పట్టింపు లేదు, అతనికి కథ కావాలి. అది దొరకలేదు. మొదటివాడు బుద్ధిలేనివాడు కాదు. మన దగ్గర కూడా ఒక సినిమా ఎన్ని కోట్లు పెట్టి తీశారో, ఎన్ని దేశాల్లో ఆడుతోందో చెప్పి కథ గురించిన ప్రశ్నను పక్కకు నెట్టేయడం నువ్వు చూస్తూనే ఉన్నావు. ఆ మాటను కొరియావాళ్ల మీద పెట్టి రాయవద్దు. నువ్వు ఎక్కడ నిలబడి రాస్తున్నావో చదివేవాళ్లకు తెలుసు.

తిరగరాసేటప్పుడు వరస ఇలా పెట్టుకుంటే బాగుంటుందని నాకు అనిపిస్తోంది. ఇముగి కథతో మొదలుపెట్టు, ఆ ‘అమ్మో పాము’ కథను తీరిగ్గా చెప్పు. ఆ తరువాత దుకాణం. భవనాన్ని చుట్టుకున్న దృశ్యానికి నిజాయితీగా ఒక పేరా ఇవ్వు. ముగింపు గురించి రాసి అరిరాంగ్ దగ్గర ఆపు. నటీనటుల గురించి రెండు వాక్యాలు మించవద్దు. ఆ సంభాషణలతో ఎవరు మాత్రం ఏం చేయగలరు? ‘పుల్గసారి’ని తీసుకురావాలా వద్దా అన్నది నీ ఇష్టం. చూడకుండా మాత్రం రాయవద్దు, నా మాట మీద అసలే రాయవద్దు.

పేర్లు ఒకసారి సరిచూసుకో. దర్శకుణ్ణి ‘రే’ అని మూడుచోట్ల రాశావు. కొరియావాళ్లకు కూడా మనలాగే ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆయన ఇంటిపేరు షిమ్. బురాకిని ఒకచోట డ్రాగన్ అన్నావు. అది చివరిదాకా డ్రాగన్ కాలేదు, దాని ఏడుపంతా అందుకే. వచ్చే నెల మొదటి వారంలో నాకు కొంచెం తీరిక ఉంటుంది, ఆలోపు కొత్త ప్రతి పంపు. సంపాదకుడికి ఏ మాట చెప్పాలో అప్పుడు చూద్దాం.

ఇట్లు
మీ మాస్టారు